నాచులో దాగిన గాజు భరిణెలు

వానాకాలంలో బావి గట్టుమీద పచ్చగా, మెత్తగా పెరిగే నాచును మీరు చూసే ఉంటారు. వృక్షశాస్త్రంలో దానికి మాస్ అని పేరు. చిటికెడు మాసును గాజు పలకమీద పిండి, ఆ నీటిచుక్కను మీ బడిలోని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడండి. గోధుమరంగు పడవల్లాంటివి కనబడవచ్చు. కొన్ని మెల్లగా జారుతూ కూడా ఉంటాయి. అవే డయాటములు. ఒక్కొక్కటీ ఒకే ఒక కణం. దాని గోడ సిలికాతో ఏర్పడుతుంది. ఇసుకలోనూ గాజులోనూ ఉండేది ఈ సిలికాయే. గోడకు రెండు భాగాలుంటాయి. కుంకుమ భరిణె, దాని మూత ఎలా ఉంటాయో అలాగన్నమాట!

ఇక మన బావి గట్టు విడిచి దూరం పోదాం. హిందూ మహాసముద్రంలో బాగా దక్షిణానికి పోతే, అంటార్కిటికా రాకముందే క్రోజె, కెర్గెలెన్ అనే దీవులు వస్తాయి. 1772లో ఫ్రెంచి నావికులు వీటిని కనుగొన్నారు. అక్కడ చెట్లు లేవు. చలి, ఈదురుగాలి, ముసురు. నేలమీద పరుపులా పరచుకున్న మాస్ మొక్కలు మాత్రం పుష్కలం. 2002లో రెనే లె కోహు, బార్ట్ వాన్ డి వైవర్ అనే శాస్త్రజ్ఞులు ఈ దీవుల నుంచి డయాడెస్మిస్ అనే ప్రజాతికి చెందిన 5 కొత్త జాతులను వర్ణించారు. వాటిలో ఒకదాని పేరు డయాడెస్మిస్ క్రోజెటికెర్గెలెన్సిస్. నోరు తిరగడం కష్టమే గాని, రెండు దీవుల పేర్లూ అందులో ఉన్నాయి చూడండి.

"ఇది కొత్త జాతి" అని ఎలా చెప్పగలరు? ముందు మాసును హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి రసాయనంతో కాచుతారు. (ఈ పని మీరు చేయబోకండి, చర్మం కాలుతుంది.) కణంలోని జీవపదార్థమంతా పోయి గాజు భరిణెలు మాత్రం మిగులుతాయి. వాటిని వెయ్యి రెట్లు పెద్దవి చేసి చూసి పొడవు, వెడల్పు కొలుస్తారు. గోడమీది గీతలు 10 మైక్రానులలో ఎన్ని ఉన్నాయో లెక్కిస్తారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. తరువాత పలుచని బంగారు పూత పూసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో రంధ్రాల అమరిక చూస్తారు.

ఇక్కడే ఒక చిక్కుంది. డయాటము రెండుగా చీలినప్పుడు పిల్లకణాలు చెరొక సగం తీసుకుంటాయి. తీసుకున్న సగాన్ని మూతగా ఉంచుకొని, దానిలో ఇమిడే కొత్త అడుగు భాగాన్ని కట్టుకుంటాయి. మూతను తీసుకున్నది తల్లి అంతే ఉంటుంది. అడుగు భాగాన్ని తీసుకున్నది కాస్త చిన్నదవుతుంది. ఇలా తరతరానికీ చిన్నవి పెరిగిపోతాయి. చివరకు లైంగికోత్పత్తి జరిగి మళ్ళీ పూర్తి పరిమాణం వస్తుంది. కాబట్టి మీకు దొరికిన చిన్నది వేరే జాతి కావచ్చు, లేదా పెద్దదాని మునిమనుమరాలు కావచ్చు! ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పకూడదు. చాలా గుల్లలను కొలిచి, పొడవు మారినా ఏ లక్షణాలు అంతగా మారడం లేదో చూడాలి.

ఇంత శ్రమ పేరు కోసమేనా అని మీరు అడగవచ్చు. ఒకప్పుడు ఈ దీవుల డయాటములకు యూరపు పుస్తకాలలోని పేర్లే పెట్టేవారు. దానితో ఇవి లోకమంతటా ఉన్నవే అనిపించింది. ఎక్కడా లేనిది ఒక్క దీవిలోనే ఉంటే సంగతి వేరు. అక్కడ నశిస్తే అది ఇక లేనట్టే. మనుషుల బూట్లకు అంటుకున్న మట్టితో బయటి జీవులు దీవిలో అడుగుపెట్టవచ్చు. అందుకే ఇలాంటి దీవులకు వెళ్ళేవారు దిగేముందు బూట్లు శుభ్రం చేసుకోవాలి. పైగా చెరువుల అడుగు బురదలోని పాత గుల్లలను బట్టి పూర్వపు వాతావరణాన్ని అంచనా వేస్తారు. పేరు తప్పితే ఆ లెక్కా తప్పుతుంది.

కొత్త జాతిని ప్రకటించేటప్పుడు ఒక గాజు పలకను "మూల నమూనా"గా సంగ్రహాలయంలో దాచాలి. సందేహం వచ్చిన వారెవరైనా దానినే చూడాలి. 2011 చివరి వరకు శైవలాల వర్ణన లాటిన్ భాషలో రాయడం కూడా తప్పనిసరిగా ఉండేది. 2012 నుంచి ఇంగ్లీషులోనూ రాయవచ్చు.

మన క్రోజెటికెర్గెలెన్సిస్ కథ 2002తో ముగియలేదు. 2014లో ఈ జాతినీ, తడి నేలల్లో, మాసులలో పెరిగే దాని బంధువులు ఎన్నింటినో డయాడెస్మిస్ నుంచి విడదీసి హ్యూమిడోఫిలా అనే కొత్త ప్రజాతిలో చేర్చారు. తేమను ప్రేమించేది అని ఆ మాటకు అర్థం. దత్తు పోయిన పిల్లవాడిలాగా దీనికీ ఇంటిపేరు మారింది, సొంత పేరు మాత్రం అలాగే ఉంది.