అరుంధతి కానరాని ఆకాశం

మన వివాహతంతులో అరుంధతీ దర్శనం ఒక ముచ్చటైన ఘట్టం. పురోహితుడు వధూవరులను ఆరుబయటకు పిలిచి, సప్తర్షి మండలంలో వసిష్ఠుని చెంత ఉండే చిన్న చుక్కను చూడమంటాడు. వరుడు వేలెత్తి చూపుతాడు. వధువు తల ఊపుతుంది. చుక్క మాత్రం పెద్ద పట్టణాలలో ఈనాడు ఎవరికీ కనుపించదు.

కాంతిని బట్టి లెక్కిస్తే అరుంధతి నాలుగవ తరగతి తార. మంచి చీకటి రాత్రిలో మానవనేత్రం ఆరవ తరగతి వరకు చూడగలదు. అయితే మన దీపాల వెలుగు పైకెగసి, గాలిలోని ధూళిని, తేమను తాకి చెదరి, తిరిగి క్రిందికి దిగుతున్నది. ఆకాశమే తెల్లబారగా, మందకాంతి తారలు ఆ తెలుపులో మునిగిపోతున్నవి. మానవులలో మూడవవంతుకు పైగా తామున్న చోటినుండి పాలవెల్లిని చూడలేరని 2016లో వెలువడిన ప్రపంచ పటం చెప్పింది.

పాలవెల్లి అంటే మా విద్యార్థులకు వినాయకచవితినాడు విగ్రహంపైన కట్టే కొయ్యచట్రమే. అసలుదానిని చూపాలంటే జంగారెడ్డిగూడెం బజారు వెలుగులు విడిచి, బుట్టాయిగూడెం దాటి మన్యపు కొండల దాపునకు పోవలసిందే. కృత్తికలకు పల్లెజనం పెట్టిన ‘పిల్లలకోడి’ అనే పేరులోని సొగసు కూడా అక్కడే తెలుస్తుంది. నిఘంటువులో పదం నిలిచి, నింగిలో అర్థం మాసిపోతే ఇక తెలుగు బోధించడం ఎట్లా?

ఈ నష్టం శాస్త్రజ్ఞులకూ తప్పలేదు. హైదరాబాదులో 1901లో ఆరంభమైన నిజామియా వేధశాల చుట్టూ నగరం అల్లుకొన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1960ల చివర నగరానికి దూరంగా, జపాల్-రంగాపూర్ వద్ద 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పింది. నగరపు వెలుగు అక్కడికీ వెంబడించింది.

దీపాలు ఆర్పివేయమని ఎవరూ కోరరు. రాత్రివేళ దారి నడిచేవారికి వెలుగు కావలసిందే. ఆ వెలుగు దారిపైన పడాలి గాని మబ్బులపైన కాదు. దీపానికి పైన మూత, నేలవైపు ముఖం, తెల్లని తీవ్రకాంతికి బదులు పసుపుపచ్చని కాంతి — ఇంతే ఉపాయం. లదాఖ్‌లోని హాన్లేలో 2022లో చీకటి ఆకాశానికి ప్రత్యేక రక్షణ ప్రకటించారు. మనకు అంతటి ప్రకటన అక్కరలేదు. పాడైన వీధిదీపాన్ని మార్చినప్పుడల్లా ఈ మూడింటినీ పాటిస్తే చాలు. దీపం క్రింద చీకటి అన్నారు పెద్దలు. దీపం పైనున్న చీకటిని కాపాడుకోవడం ఇక మన వంతు.