వెణ్బా: ఒక వంటయింటి ఆట, దానిని కొనుటలోని చిక్కులు

సెల్‌ఫోనులో ఆటలాడుట నేటి బాలురకు క్రొత్త కాదు. ఆడవలదని మందలించుట తలిదండ్రులకును క్రొత్త కాదు. ఆ ఆటలలో పెక్కింటికి కాల్పులు, పరుగులు, దోపిడులే వస్తువు. వానిని గూర్చి ఈ పత్రికలో వ్రాయవలసిన అగత్యము లేదు. అయితే వంటయిల్లు రంగస్థలముగా, తరతరముల చేతివ్రాత కథావస్తువుగా గల ఆట యొకటి 2023వ సంవత్సరము జూలై 31న వెలువడినది. దాని పేరు ‘వెణ్బా’. కెనడా దేశమందలి టొరంటో నగరమున ‘విసై గేమ్స్’ అను చిన్న సంస్థ దానిని నిర్మించినది. 2024లో బ్రిటిష్ అకాడమీ వారు ఆటల నిర్మాతల తొలి కృతికి ఇచ్చు బహుమానము దీనికి లభించెను. గడచిన వేసవి సెలవులలో నేను దీనిని ఆడి చూచితిని. ఆట యెట్టిదో మొదట చెప్పి, కొనుటలో ఎదురైన చిక్కులను పిదప వివరించెదను.

వెణ్బా యనునది తమిళ ఛందస్సునందలి యొక పద్యభేదము. తిరువళ్ళువరు కుఱళ్ పద్యములు ఆ జాతిలోనివే. మనవారు ఆడపిల్లకు ‘తేటగీతి’ యని పేరు పెట్టినచో ఎట్లుండునో అట్లే యిదియు. ఆటలో అది కథానాయిక పేరు. ఆమె భర్త పావలన్. ఆ మాటకు కవి యని యర్థము. 1980వ దశకమున ఈ దంపతులు తమిళనాడు విడిచి కెనడాకు వలసపోయిరి. వారికి కవిన్ అను కొడుకు పుట్టెను. వెణ్బా వెంట తెచ్చుకొన్న ఆస్తిలో అన్నిటికంటె విలువైనది తల్లి యిచ్చిన వంటల పుస్తకము. అది పలుచోట్ల చినిగినది, తడిసి అక్షరములు చెరిగినది. చెరిగిన చోట ఏమున్నదో ఊహించి వంట పూర్తిచేయుటయే ఆటగాని పని. గడియారపు తొందర లేదు, ఓడిపోవుటయు లేదు. తప్పు జరిగినచో మరల మొదలు పెట్టవచ్చును.

మొదటి వంట ఇడ్లీ. ఇడ్లీ కూడ ఒక చిక్కుప్రశ్నయా యని మన తల్లులు నవ్వవచ్చును. కాని ఇడ్లీరేకులను ఒకదానిపై నొకటి పేర్చునపుడు పై రేకు గుంటలు క్రింది రేకు గుంటలకు సరిగా మీదికి రారాదు, సందులమీదికి రావలెను. లేనిచో పొంగిన పిండి పై రేకు అడుగునకు అంటుకొని ఇడ్లీ చదును అగును. తెల్లవారకముందే వాకిట పొయ్యి పెట్టి ఇడ్లీలు అమ్ము అవ్వలను మన పేటలో ఎన్ని వీధులలో చూడము! వారి చేతులు ఆ రేకులను త్రిప్పిపెట్టు తీరును గమనించిన బాలుడు ఈ చిక్కును క్షణములో విప్పును. గమనింపనివాడు రెండు మూడు మార్లు చెడగొట్టును. చేతులు ఎఱిగిన విద్యను పుస్తకమున సగమే వ్రాయగలమన్న సంగతిని ఆట ఇట్లు మాట చెప్పకయే తెలుపుచున్నది. తరువాత వచ్చునది పుట్టు. మనము పిట్టు అందుము. గొట్టము అడుగున చిల్లుల బిళ్ళ వేయక పిండి పోసినచో పిండియంతయు నీటి పాలగును. దానివెనుక బిర్యానీ మొదలగునవి వచ్చును. వెనుక వినబడు పాటలు తమిళ చలనచిత్ర సంగీతమునందలి వేఱు వేఱు కాలముల పోకడలను అనుసరించి కట్టినవి. తమిళ పాటలు వినుచు పెరిగిన మన పిల్లలకు ఆ పోకడలు చెవిని పడిన వెంటనే తెలియును.

ఆటలో వంట ఒక పాలు, మాట రెండు పాళ్ళు. తల్లి తమిళమున పలుకును. కొడుకు ఇంగ్లీషున బదులు చెప్పును. ఈ సంభాషణను చూచి కెనడాలోని తమిళులకంటె తొండియార్‌పేట తెలుగువారే హెచ్చుగా నొచ్చుకొందురని నాకు తోచినది. వారి కొక యెల్ల దాటినందున కలిగిన కష్టము మనకు ఏ యెల్లయు దాటకయే కలిగినది. ఇంట తెలుగు, వీధిలో తమిళము, కొలువు కొఱకు ఇంగ్లీషు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము మెట్టుమెట్టుగా పైకెక్కి 2015-16లో పదవ తరగతిని చేరినది. ఉన్న చోటి భాషను నేర్చుట మంచిదే. నేనును ఆంధ్రదేశమున శిక్షణ పొంది వచ్చి ఇచ్చటనే తమిళము నేర్చుకొంటిని. ఆ నేర్పునకు చోటిచ్చుటకై తెలుగు తొలగవలెనా యనునదే ప్రశ్న.

ఆటలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టము పెద్దవాడైన కవిన్ తానే ఆ పుస్తకమును తెఱచినపుడు వచ్చును. పుస్తకము కన్నులయెదుట నున్నది, పొయ్యి వెలుగుచున్నది. చదువబోయిన అక్షరము మాత్రము సరిగా పట్టుబడదు. ఇంతకుముందు చెరిగిన సిరా మనకు అడ్డము వచ్చినది. ఇప్పుడు అడ్డమైనది మఱచిన భాష. ఆటగాడు రెండింటిని ఒకే విధముగా తడవికొనవలసి వచ్చుట చాల తెలివైన కూర్పు.

దీనిని ఆడిన పిమ్మట తొమ్మిదవ తరగతి పిల్లలతో ఇండ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు వ్రాసిన కాగితమేదైన నున్నచో తెమ్మంటిని. పచ్చళ్ళ పాళ్ళు, చీటీల పద్దులు, రెండు మూడు ఉత్తరములు వచ్చినవి. అచ్చు పుస్తకమును గడగడ చదువు పిల్లలు గొలుసుకట్టు వ్రాత యెదుట నోరు మెదపలేకపోయిరి. ఒక కాగితమున మామిడికాయ ముక్కలు మానికెడు, కారము సోలెడు, మెంతిపిండి గిద్దెడు అని యున్నది. అక్షరములు కూడబలుక్కొని చదివినవారికిని కొలతలు తెలియవు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని నల్లబల్లపై వ్రాసి చూపగా, అప్పుడు నాలుగు పాళ్ళ ముక్కలకు ఒక పాలు కారమన్న మాట యని ఒక బాలిక లెక్కకట్టి చెప్పెను. తల్లి పాళ్ళు ఏటేట ఎందుకు మారుచున్నవో ఆ పిల్లకు అప్పుడు తెలిసినదట. తలిదండ్రులారా, మీ యిండ్లలో ఇట్టి కాగితములున్నచో వ్రాసినవారు బ్రదికి యుండగనే పిల్లలచేత పైకి చదివించుడు. తరువాత అడుగుటకు మనిషి యుండదు.

ఆటలో లోపములు లేకపోలేదు. సంవత్సరములు మిక్కిలి వేగముగా దాటిపోవును. ఉద్యోగము దొరకక పావలన్ పడు వేదన రెండు మాటలతో ముగియును. చిక్కుప్రశ్నలు తేలిక. సుమారు గంటన్నరలో కథయంతయు పూర్తియగును. అమెరికాలో వెల 15 డాలర్లకు ఒక సెంటు మాత్రమే తక్కువ. ఇంత చిన్న ఆటకు అంత సొమ్మా యని పెక్కుమంది సణిగిరి. నిడివిని కొలిచి వెల కట్టుట బట్టల కొట్టులో చెల్లును గాని కథలకు చెల్లదని నా యభిప్రాయము.

ఇక కొనుటను గూర్చి. ఒక తండ్రి నన్ను, “అయ్యవారూ, దాని పళ్ళెము ఏ కొట్టులో దొరకును?” అని అడిగెను. పళ్ళెము గాని పెట్టె గాని అక్కఱలేని అమ్మకమిది. 2003 సెప్టెంబరు 12న అమెరికాలోని వాల్వ్ సంస్థ ‘స్టీమ్’ అను అంగడిని కంప్యూటరులోనే తెఱచినది. మఱుసటి సంవత్సరము నవంబరులో ‘హాఫ్‌లైఫ్ 2’ అను ఆట వెలువడినపుడు, కొట్టులో పెట్టె కొని తెచ్చుకొన్నవారు సైతము ఇంటర్నెట్ ద్వారా స్టీమ్‌లో పేరు నమోదు చేసుకొనక ఆడుటకు వీలు లేకపోయెను. నాడు ఆటగాండ్రు మండిపడిరి. నేడు కంప్యూటరు ఆటలలో పళ్ళెమే అపురూపమైనది. ఈ పద్ధతిలో మేలు లేకపోలేదు. టొరంటోలో కొద్దిమంది కూడి చేసిన వంటయింటి ఆట ఓడలు, గిడ్డంగులు, దళారులు లేకయే ఒకే దినమున లోకమంతయు చేరినది. పాతకాలమున అట్టి ఆటకు ఏ కొట్టువాడును అరలో చోటిచ్చియుండడు.

నా యనుభవము మాత్రము అంత నున్నగా సాగలేదు. అంగడి పేరు చెప్పను. మొదట ఖాతా తెఱువవలెను. దానికి ఈమెయిలు కావలెను. ఈమెయిలునకు వచ్చిన సంకేతాంకెను పది నిమిషములలో అచ్చొత్తవలెను. అచ్చొత్తుచుండగా కరెంటు పోయెను. మఱల మొదలు. బ్యాంకు కార్డు సొమ్ము తీసికొనబడలేదని అంగడి చెప్పెను; తీసికొనబడినదని బ్యాంకు చెప్పెను. ఆ సొమ్ము తిరిగి వచ్చుటకు అయిదు దినములు పట్టెను. మఱుసటి పర్యాయము యూపీఐ ద్వారా చెల్లించితిని. ఆట దిగుచుండగా సగములో అంగడి తన్నుతాను సవరించుకొనదలచి ఆగిపోయెను. ఇంట నెవరికైన ఒక్క పుస్తకము కొనుటకు ఇంత తంతు నడపవలసివచ్చినచో గ్రంథవిక్రేతలందఱును ఏనాడో దుకాణములు కట్టివేసియుందురు. ఈ తంతులో ఒక్క తెలుగు మాటయు నాకు కనబడలేదు. 1991లో వెలువడిన తొలి యూనికోడులోనే తెలుగు లిపికి స్థానము దొరకినది. కావున లిపి లేదన్న సాకు చెల్లదు.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. ఇట్లు కొన్నది మన సొంతము కాదు. ‘కొనుము’ అను మీట నొక్కినను, దొరకునది ఆడుకొనుటకు అనుమతి మాత్రమే. 2014లో వెలువడిన ‘ది క్రూ’ అను కార్ల పందెపు ఆటను యూబీసాఫ్ట్ సంస్థ 2024 మార్చి 31న నిలిపివేసెను. ఆ ఆట సంస్థవారి సర్వరుతో మాటలాడనిదే నడువదు; కావున పళ్ళెము కొని భద్రపఱచుకొన్నవారికిని అది పనికిరాని పళ్ళెమైనది. మన విద్యార్థులకు ఇంకను దగ్గఱి యుదాహరణము కావలెనన్నచో, 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వము నిషేధించిన పబ్జీ మొబైల్ ఉన్నది. ఆ యేడు అక్టోబరు 30తో దాని సర్వర్లు మన దేశమువారికి మూతపడినవి. తండ్రి జేబులోని సొమ్ముతో అందు కొన్న చొక్కాలు, టోపీలు నాడు ఎవరి కంటికిని కనబడలేదు. ఈ గొడవలు ముదిరిన పిదప అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము, అమ్మునది అనుమతి మాత్రమేనని కొనువానికి స్పష్టముగా తెలుపవలెనని 2024లో శాసనము చేసెను. అది 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ శాసనము ఆస్తి నిచ్చుట లేదు. ఆస్తి కాదని నిజము చెప్పించుచున్నది. అదియు కొంత నయమే.

2024లో ఒకరు తమ స్టీమ్ ఖాతాను వీలునామా ద్వారా వారసులకు వ్రాయవచ్చునా యని అడుగగా, వీలుపడదని ఆ సంస్థవారు బదులిచ్చిరి. తల్లి కూతునకు ఇచ్చిన పుస్తకమును గూర్చి, ఆమె కొడుకు దానిని చదువుటను గూర్చి చెప్పు ఈ ఆటను, ఇట్టి యంగడిలో కొన్న తల్లి తన కొడుకునకు ఇచ్చిపోజాలదు! 1854లో మన చెన్నపురియందు వావిళ్ళ రామస్వామిశాస్త్రులుగారు ముద్రణాలయమును స్థాపించిరి. వావిళ్ళవారి పాత ముద్రణ మీ యింటి అటకపై నున్నచో దుమ్ము దులిపి నేడే చదువవచ్చును, పొరుగువారికి ఎరువీయవచ్చును. ఎవరి యనుమతియు అక్కఱలేదు. ఆటల విషయమున ఎరువు సంగతి ఇప్పుడిప్పుడే కొంత మెఱుగుపడుచున్నది. స్టీమ్ వారు 2024 సెప్టెంబరులో ఒకే యింట నుండు ఆరుగురు తమ ఆటలను పంచుకొను ఏర్పాటు చేసిరి. అయినను ఒక ప్రతిని ఒకేసారి ఇద్దఱు ఆడరాదు. ‘గాగ్’ అను మఱియొక యంగడి 2008 నుండి తాళము లేని ప్రతులనే అమ్ముచున్నది. దిగుమతి చేసికొన్న ఫైలును ఇంట దాచుకొన్నచో అంగడి యుండినను పోయినను ఆడవచ్చును. ఒక ఆట రెండు చోట్లను దొరకునపుడు నేనైతే తాళము లేని చోటనే కొందును.

సొమ్ము వాపసు గూర్చి కూడ తలిదండ్రులు ఎఱిగి యుండవలెను. 2015 నుండి స్టీమ్‌లో కొన్న పదునాలుగు దినములలోగా, రెండు గంటలకు మించి ఆడనిచో, కారణమేదైనను సొమ్ము తిరిగి యిచ్చుచున్నారు. పిల్లవాడు పొరపాటున కొన్నను, మీ కంప్యూటరునకు ఆట బరువైనను ఈ నియమము ఆదుకొనును. గడువు దాటకముందే అడుగుడు. అంగడి పంపిన రసీదు ఈమెయిలును చెరపకుడు. అయితే గంటన్నర ఆటలకు ఇదే నియమము గొడ్డలిపెట్టు. కథయంతయు చూచి, ఆనందించి, రెండు గంటలు నిండకముందే సొమ్ము వెనుకకు తీసికొనువారు కలరు. ‘సమ్మర్ ఆఫ్ 58’ అను చిన్న ఆటను చేసినవారు 2021 ఆగస్టులో ఈ కారణముచేతనే ఆటల నిర్మాణమునకు కొంతకాలము స్వస్తి చెప్పుచున్నామని ప్రకటించిరి. వెణ్బాను కొని పూర్తిగా ఆడిన పిమ్మట వాపసు అడుగవచ్చునా యని ఒక విద్యార్థి నన్ను ప్రశ్నించెను. నియమము ఒప్పును. హోటలులో నాలుగు ఇడ్లీలు తిని, గిన్నె ఖాళీగా నున్నదని చూపి డబ్బు వెనుకకు అడిగినచో ఆ అవ్వ ఏమనునో అడిగి రమ్మని అతనిని మా వీధి చివరకు పంపితిని. అతడు ఇంకను అడిగి రాలేదు.