జామరిన్: ఒకే కోడు, రెండు ఫోన్లు

జామరిన్ మొబైల్ యాప్‌లు తయారుచేసే సాధనంగా ఉండేది. దీనితో ఒకసారి రాసిన లోపలి కోడు ఐఫోన్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ నడిచేది. గద్వాలలో చీరలమ్మే వ్యాపారి యాప్ పెట్టాలనుకుంటే దీని అవసరం ఏమిటో ఇట్టే తెలుస్తుంది. నాగర్‌కర్నూల్‌లో ఉన్న ఖాతాదారు చేతిలో ఆండ్రాయిడ్ ఉంటుంది, అమెరికాలో ఉన్న ఆమె కూతురి చేతిలో ఐఫోన్ ఉంటుంది. ఐఫోన్‌కు ఒక భాషలో, ఆండ్రాయిడ్‌కు ఇంకో భాషలో రాయాలంటే ఒకే అంగడికి రెండుసార్లు కూలి కట్టినట్టే.

జామరిన్ పుట్టుక ఐఫోన్, ఆండ్రాయిడ్‌ల కన్నా పాతది. 2000లో మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాములు నడిపే డాట్‌నెట్ వేదికను, సి షార్ప్ భాషను ప్రకటించింది. అవి విండోస్ కోసం తయారైనవి. లినక్స్ వాడేవారికీ అవి అందాలని మెక్సికోకు చెందిన మిగెల్ డి ఇకాజా 2001లో మోనో ప్రాజెక్టు మొదలుపెట్టాడు. స్పానిష్‌లో మోనో అంటే కోతి. నాట్ ఫ్రీడ్‌మన్‌తో కలిసి ఆయన స్థాపించిన జిమియన్ కంపెనీని 2003లో నోవెల్ సంస్థ కొనేసింది. మోనో మొదటి వెర్షన్ మరుసటి ఏడాది వచ్చింది.

అసలు పరీక్ష ఐఫోన్ దగ్గర ఎదురైంది. డాట్‌నెట్ ప్రోగ్రాం మామూలుగా నడుస్తూ నడుస్తూనే యంత్రభాషలోకి మారుతుంది. ఐఫోన్‌లో యాప్‌లకు అలా చేసే అనుమతి లేదు. అందుకని మోనో బృందం ఆ మార్పిడి మొత్తాన్నీ యాప్ ఫోన్‌లోకి చేరకముందే ముగించే పద్ధతి పట్టుకుంది. జామరిన్‌కు పునాది అయిన ఐఫోన్ సాధనం, 2009లో వచ్చిన మోనోటచ్ అలా తయారైందే.

జామరిన్ అల్లిక అర్థం కావాలంటే గద్వాల చీరను దగ్గరగా చూడాలి. చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అంచు కలిసేచోట నూలు పేకకూ పట్టు పేకకూ వరుసవరుసకూ మెలిక పడితేనే అతుకు నిలుస్తుంది. యాప్‌లోనూ ధరలు, లెక్కలు, సరుకు నిల్వ చూసే లోపలి కోడు ఒళ్లు లాంటిది, రెండు ఫోన్లకూ అదొక్కటే. తెర మాత్రం ఏ ఫోన్‌కు ఆ ఫోన్‌దే. ఫోన్‌లో కెమెరా, మ్యాపు వంటి ఒక్కో సదుపాయాన్నీ సి షార్ప్‌కు ముడివేసే బైండింగులే ఆ మెలికలు. 2014లో జామరిన్ ఫామ్స్ వచ్చాక తెరలను కూడా ఒకేసారి రాసుకునే వీలు కలిగింది.

అంతకుముందు గండాలు వచ్చాయి. 2010 ఏప్రిల్‌లో ఆపిల్ తాను ఒప్పుకున్న భాషల్లోనే యాప్‌లు రాయాలని నిబంధన పెట్టి, సెప్టెంబరులో సడలించింది. 2011 వసంతంలో నోవెల్ అటాచ్‌మేట్ కంపెనీ చేతికి వెళ్లింది, మోనో బృందం ఉద్యోగాలు పోయాయి. ఆ మే నెలలోనే ఇకాజా, ఫ్రీడ్‌మన్ జామరిన్ కంపెనీ పెట్టారు. తాము చేసిన సాధనాల మీద హక్కులు జులైలో ఒప్పందంతో గానీ వాళ్లకు తిరిగి దక్కలేదు.

సాధనం మంచిదే, ధరే అందేది కాదు. వ్యాపార లైసెన్సుకు ఒక్కో ఫోన్ రకానికీ ఏడాదికి 999 డాలర్లు. వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో 1959లో మొదలైన పాలిటెక్నిక్ వంటి చోట చదివి సొంతంగా యాప్ చేయాలనుకునే కుర్రాడికి అది మోయలేని బరువు. ఆ అడ్డు 2016లో తొలగింది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ ఫిబ్రవరి 24న జామరిన్ కొనుగోలును ప్రకటించింది. మార్చి 31న దాన్ని ప్రోగ్రాములు రాసే తన సాధనం విజువల్ స్టూడియోలో ఉచితంగా కలిపేసింది, మూల సాధనాలను ఓపెన్ సోర్స్ చేస్తామని చెప్పింది. జామరిన్ చరిత్రలో చిన్న ఊళ్ల ప్రోగ్రామర్లకు అన్నిటికన్నా మేలు చేసిన నిర్ణయం ఇదే. ఐఫోన్ యాప్‌ను చివరికి కట్టడానికి మ్యాక్ కంప్యూటర్ మాత్రం ఇంకా కావలసే వచ్చింది.

అప్పటికే పోటీ సాధనంగా ఫేస్‌బుక్ రియాక్ట్ నేటివ్ వచ్చేసింది. 2018 డిసెంబరులో గూగుల్ ఫ్లట్టర్ మొదటి స్థిర వెర్షన్ విడుదలైంది. మైక్రోసాఫ్ట్ 2022 మేలో జామరిన్ ఫామ్స్ వారసురాలిగా డాట్‌నెట్ మావీని తెచ్చి, 2024 మే 1తో జామరిన్‌కు మద్దతు నిలిపివేసింది.