తుప్పు పోవాలి, నలుపు ఉండాలి

పాత సామాన్ల కొట్లో దొరికిన మడతచాకును తెరిచి చూస్తే అలుగు మీద రెండు రకాల మచ్చలు కనిపిస్తాయి. ఒకటి ఎర్రగా, గోటితో గీకితే పొడిగా రాలుతుంది. రెండోది నీలి నలుపుగా, నున్నగా ఉక్కుకు అంటుకుపోయి ఉంటుంది. సేకరణ కొత్తగా మొదలుపెట్టినవారు రెండింటినీ మురికే అనుకుని గరుకు కాగితంతో రుద్దేస్తారు. చాకు తళతళలాడుతుంది గానీ దాని వయసూ విలువా ఆ పొడిలోనే పోతాయి.

ఎర్రటిది తుప్పు, అంటే నీటిని కలుపుకున్న ఐరన్ ఆక్సైడ్. తాను పుట్టిన ఇనుముకన్నా అది రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. పాత చాకులు ఇరుసు దగ్గర బిగుసుకుపోయేది అందుకే. పైగా అది గుల్లగా ఉండి తేమను పట్టి ఉంచుతుంది, కింది లోహాన్ని తింటూ పోతుంది. నల్లటి పొర సంగతి వేరు. పచ్చిమామిడి, నిమ్మ, ఉల్లి కోసినప్పుడు వాటి ఆమ్లాలూ టానిన్లూ ఉక్కుతో చర్య జరపగా ఏర్పడేది అది. పలుచగా, గట్టిగా అతుక్కుని తుప్పును కొంత నెమ్మదింపజేస్తుంది. పూర్తి కవచం మాత్రం కాదు, పైన నూనె పూత ఉండాల్సిందే.

స్టెయిన్‌లెస్ స్టీలు రాకముందు చాకులు దాదాపు అన్నీ తుప్పు పట్టే కార్బన్ ఉక్కువే. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ 13 శాతానికి దగ్గరగా క్రోమియం కలిపి తుప్పుపట్టని ఉక్కును పోతపోసింది 1913లో. అదే ఊరి చాకులకు పేరు తెచ్చిన మూస (క్రూసిబుల్) ఉక్కును 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ రూపొందించాడు. మూసల్లో ఉక్కు చేసే విద్య నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం వంటి ఊళ్లలో అంతకు ఎంతో ముందునుంచే ఉంది. లండన్ కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్ మన ఉక్కును మెచ్చి వాడాడు. మైకేల్ ఫారడేతో కలిసి చేసిన ఉక్కు మిశ్రమాల ప్రయోగాలను 1820లో ప్రచురించాడు.

చాకు పుట్టుపూర్వోత్తరాలు చెప్పేది అలుగు మొదట్లో, ఇరుసు పక్కన కొట్టిన ముద్ర. నక్షత్రం, మాల్టా శిలువ ఉంటే అది షెఫీల్డ్ జోసెఫ్ రాడ్జర్స్ సంస్థ గుర్తు. ఆ ముద్ర అరిగితే సాక్ష్యం పోయినట్టే. కాబట్టి అక్కడ వేలితో నూనె రాయడమే, రుద్దడం వద్దు.

ఇక శుభ్రం చేసే పద్ధతి. ముందు ఇరుసులో కుట్టుమిషన్ నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు బలవంతం చేయకుండా కొద్దికొద్దిగా తెరుస్తూ మూస్తూ ఉంటే తుప్పు నల్లటి బురదలా బయటికి వస్తుంది. దాన్ని గుడ్డతో తుడిచి మళ్లీ నూనె వేయాలి. అలుగు మీది ఎర్రమచ్చలను నూనెలో తడిపిన అతి సన్నని స్టీలు పీచుతో మెల్లగా తీయాలి. తుప్పు తిన్న గుంటలు పూడవు, వాటిని అలాగే వదిలేయడం మేలు. చివర్న పలుచగా మినరల్ ఆయిల్ పూయాలి. పొద్దుతిరుగుడు వంటి వంటనూనెలు గాలికి జిగురవుతాయి, పనికిరావు.

మూడు పనులు అసలు చేయకూడదు. ఒకటి, సానయంత్రం మీద పెట్టడం. ఉక్కు వేడెక్కి సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీలంగా మారితే అంచు పదును నిలవని మెత్తదనానికి వచ్చిందని అర్థం. రెండు, వెనిగర్‌లో నానబెట్టడం. అది తుప్పుతో ఆగదు, మంచి ఉక్కునూ, మీరు కాపాడాలనుకున్న నల్లపొరనూ తింటుంది. మూడు, నీళ్లలో ముంచడం. ఎముక, కొమ్ము, కొయ్య పిడులు ఉబ్బి, ఆరేటప్పుడు పగులుతాయి.

సెల్యులాయిడ్ పిడి ఉంటే మరింత జాగ్రత్త. నైట్రోసెల్యులోజ్, కర్పూరం కలిపి చేసిన ఈ ప్లాస్టిక్ పాతబడితే నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతుంది. అవి తేమతో కలిసి నైట్రిక్ ఆమ్లమై, సొంత అలుగునే గాక అదే పెట్టెలోని పక్క చాకులనూ తుప్పు పట్టిస్తాయి. అది తేలిగ్గా అంటుకునే పదార్థం కూడా. అందుకే అలాంటివాటిని విడిగా, గాలి ఆడేచోట, నిప్పుకు దూరంగా ఉంచాలి. తోలు ఒరల్లోనూ చాకులు దాచకండి. తోలు తేమను పీలుస్తుంది, దాన్ని ఊనిన రసాయనాలు ఉక్కును తింటాయి.

సేకరణకర్త పని పాత చాకును కొత్తది చేయడం కాదు, ఇకపై పాడవకుండా ఆపడం. ఎర్రటిది తీసి, నల్లటిది ఉంచి, నూనె రాసి, పొడిచోట పెట్టండి. అంతకుమించి ఏం చేసినా నష్టమే.