జిల్లా మారింది, లింకులు పోయాయి: రీరైట్ రూల్స్‌తో మంచి యూఆర్ఎల్స్

బీటెక్‌లో ఉన్నప్పుడు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం షాపుల వివరాలతో చిన్న వెబ్‌సైట్ ఒకటి చేశాను. పట్టుచీరల పేజీ లింక్ చివర ‘పేజ్.పీహెచ్‌పీ?ఊరు=3&విభాగం=7’ అని ఉండేది. బస్సు బోర్డు మీద ఊరి పేరు లేకుండా బండి నంబర్ ఒక్కటే రాసినట్టు! మనుషులకీ అర్థం కాదు, గూగుల్‌కీ పెద్దగా క్లూ దొరకదు.

అందుకే ‘/అనంతపురం/ధర్మవరం/పట్టు-చీరలు’ అని మార్చాను. (ఇక్కడ తెలుగులో రాస్తున్నా కానీ, అసలు లింక్‌లో ఇంగ్లిష్ అక్షరాలే వాడాను. ‘ధర్మవరం’ అని తెలుగులో పెడితే, కాపీ చేసినప్పుడు చాలాసార్లు పర్సంట్ గుర్తులతో 63 క్యారెక్టర్ల తోక అవుతుంది.)

ఇది ఎలా పనిచేస్తుంది?

అపాచీ సర్వర్‌లో మోడ్ రీరైట్ అనే మాడ్యూల్ ఉంది. 1996లో రాల్ఫ్ ఎంగెల్‌షాల్ రాశారు. హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌లో రూల్ రాస్తే, లింక్‌లో ఊరి పేరును $1గా, విభాగాన్ని $2గా పట్టుకుని పాత పీహెచ్‌పీ ఫైల్‌కే లోపల్లోపల అందిస్తుంది. అడ్రస్ బార్ మాత్రం మారదు. ఫొటోలు, సీఎస్ఎస్ లాంటి నిజమైన ఫైల్స్‌కి ఈ రూల్ తగలకుండా పైన ఒక కండిషన్ పెట్టాలి. ఎంజినెక్స్ వాడేవాళ్లు గుర్తుపెట్టుకోండి, అది హెచ్‌టీయాక్సెస్‌ని చదవదు.

నేను చేసిన తప్పు

2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. మూడు ఊర్లూ అందులోకి వెళ్లాయి. నేను ఆ రాత్రే లింకుల్లో జిల్లా పేరు మార్చేశాను. పొద్దున్నే తెలిసిన చీరల అంగడాయన ఫోన్: “ఏమప్పా, మా అంగడి పేజీ యాడికి పాయె?” ఆయన వాట్సాప్‌లో కస్టమర్లకి పంపిన లింకులన్నీ 404!

అక్కడ కావాల్సింది రీరైట్ కాదు, రీడైరెక్ట్. 301 రీడైరెక్ట్ పాత అడ్రస్‌కి వచ్చినవాళ్లని కొత్త అడ్రస్‌కి పంపిస్తుంది, పేజీ శాశ్వతంగా మారిందని గూగుల్‌కీ చెబుతుంది. ఈసారి జిల్లా పేరే తీసేసి ‘/ధర్మవరం/పట్టు-చీరలు’ అని పెట్టాను. పెనుకొండని కొందరు పెనుగొండ అని కొడతారు కదా (గోదావరి వైపు పెనుగొండ వేరే ఊరు), మా సైట్‌లో ఆ స్పెల్లింగ్‌ని కూడా 301తో పెనుకొండకే పంపాను.

మీరు చేసేముందు

• 301 రూల్స్ పైన, మామూలు రీరైట్ రూల్స్ కింద పెట్టండి.
• ముందు 302తో టెస్ట్ చేయండి. 301ని బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది, తప్పు రాస్తే తిప్పలే.
• పదాల మధ్య అండర్‌స్కోర్ వద్దు, హైఫన్ వాడండి. గూగుల్ సలహా కూడా ఇదే.
• జిల్లా, ధర, సంవత్సరం లాంటి మారిపోయేవి లింక్‌లో పెట్టకండి.

సైట్ మనదే కావచ్చు. కానీ ఒకసారి షేర్ అయిన లింక్ మీద వేరేవాళ్ల వ్యాపారం నడుస్తుంటుంది. మార్చేముందు ఆ సంగతి గుర్తుంచుకోండి.