మూడు మూరల రాయి

మేమున్న బహదూర్‌పురా నుండి తూర్పుగా మూసారాంబాగు వైపు వెళ్ళిన యెడల ఒక మిట్ట మీద నల్లరాతి స్తంభము కనబడును. సుమారు 23 అడుగుల ఎత్తుగల ఆ స్తంభము నిజాము సైన్యములో పనిచేసి 1798లో మరణించిన రేమండ్ అను ఫ్రెంచి సేనాని సమాధి. హిందువులు ఆయనను మూసా రాముడనియు, ముస్లిములు మూసా రహీమనియు పిలుచుకొనిరి. స్తంభము మీద ఆయన రూపము చెక్కలేదు. దాని దాపున గ్రీకు పద్ధతి స్తంభాల మంటపము ఒకటి కలదు. 2001లో వర్షాలకు కూలిపోగా దానిని మరల నిలిపిరి.

పూర్వము గ్రీకులు సమాధి రాళ్ళను ఎట్లు చెక్కిరో చూడుడి. ఏథెన్సు పట్టణపు కెరమైకోస్ శ్మశానములో 1870లో దొరికిన హెగేసో అను స్త్రీ రాయి ప్రసిద్ధమైనది. అది క్రీ.పూ. 5వ శతాబ్దపు చివరిది. ఆమె కుర్చీలో కూర్చుండి, దాసి పట్టుకొన్న పెట్టెలో నుండి ఒక నగ తీసి చూచుకొనుచున్నది. పైన ఆమె పేరు, తండ్రి పేరు మాత్రమే ఉన్నవి. వేరే రాళ్ళ మీద చనిపోయినవారు ఇంటివారితో చెయ్యి కలుపుచుందురు. ఏడ్పు కంటె ఆ మనిషి బ్రతికిన తీరునే వారు చెక్కించిరి.

అయితే రానురాను ధనికులు పోటీపడి గుడివంటి పెద్ద సమాధులు కట్టించిరి. కాబట్టి క్రీ.పూ. 317లో ఏథెన్సు అధికారియైన దెమేత్రియు ఖర్చులను అదుపు చేయుటకు చట్టము చేసెను. సమాధి మీద మూడు మూరలకు మించని చిన్న స్తంభమో, బల్లయో, తొట్టియో తప్ప మరేదియు ఉండరాదు. దానితో అక్కడ శిల్పపు సమాధి రాళ్ళు ఆగిపోయెను. అపొస్తలుడైన పౌలు ఆ పట్టణమునకు వచ్చుసరికి ఇది జరిగి మూడువందల ఏండ్లు దాటెను.

మన పల్లెలలోను ఈ పోటీ లేదా? పంట డబ్బు చాలక వడ్డీకి తెచ్చి చలువరాళ్ళు పరపించువారిని మేమెరుగుదుము. నలుగురు ఏమనుకొందురో అను భయమే వారిచేత అప్పు చేయించును. పోయిన తండ్రి గౌరవము కొరకు బ్రతికియున్న పిల్లల ఫీజులు ఆగిపోవలెనా?

చిన్న రాయి చాలును. పేరు, ఊరు, పుట్టిన సంవత్సరము తప్పులేకుండ చెక్కించుడి. క్రింద ఒక్క వాక్యము, ఆమె నాట్లు వేసినదనియో, ఆయన బావులు త్రవ్వెననియో వ్రాయించుడి. మనుమలు దానిని చదివి, ఆ పని ఎట్లుండెనో మిమ్ములను అడుగుదురు.