మినిమం డ్యూ కడితే అప్పు తీరుతుందా?

కాలేజీలు తెరిచే రోజుల్లో సంఘంలో వచ్చే ప్రార్థన విన్నపాలు సీటు గురించి, ఫీజు గురించి, హాస్టల్ గురించి ఉంటాయి. "మా అబ్బాయి క్రెడిట్ కార్డు అప్పులో ఉన్నాడు, ప్రార్థన చేయండి అయ్యగారూ" అని ఎవరూ చీటీ రాసి ఇవ్వరు. ఆ మాట కాపరి చెవిన పడేసరికి అప్పు చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. అందుకే ఆ సంగతి ముందుగానే మాట్లాడుకుందాం.

సంపాదన లేని విద్యార్థికి బ్యాంకు సాధారణంగా సొంత కార్డు ఇవ్వదు. అయినా 18 ఏళ్లు నిండినవారికి రెండు దారులున్నాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్ పెట్టి దాని మీద కార్డు తీసుకోవడం ఒకటి. తల్లి లేదా తండ్రి కార్డుకు అనుబంధంగా యాడ్-ఆన్ కార్డు తీసుకోవడం రెండవది. యాడ్-ఆన్ కార్డు మీద పిల్లలు ఎంత వాడినా, కట్టాల్సిన బాధ్యత అసలు కార్డుదారుడిదే. సంతకం పెట్టే ముందు తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి.

కార్డు వాడడమే తప్పని నేను చెప్పడం లేదు. బిల్లు మొత్తం గడువులోగా కట్టేవారికి కొన్న వస్తువుల మీద వడ్డీ పడదు. చిక్కంతా బిల్లులో పక్కపక్కనే కనిపించే రెండు అంకెల దగ్గర మొదలవుతుంది. ఒకటి మొత్తం బాకీ, రెండవది "మినిమం డ్యూ". ఆ చిన్న అంకె కడితే ఈ నెల గండం గడిచినట్టేనని పిల్లలు అనుకుంటారు.

లెక్క వేసి చూద్దాం. ఒక విద్యార్థి 40,000 రూపాయల ఫోన్ కార్డు మీద కొన్నాడనుకోండి. వడ్డీ నెలకు మూడున్నర శాతం, మినిమం డ్యూ బాకీలో 5 శాతం. బ్యాంకును బట్టి ఈ అంకెలు కొంత మారవచ్చు. అతడు కట్టేది 2,000 రూపాయలు. అందులో వడ్డీ 1,400. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 252. అసలులో తగ్గేది 348 రూపాయలు మాత్రమే! ఇలా ఏడాది పాటు, మరేమీ కొనకుండా, మినిమం మాత్రమే కడుతూ పోతే దాదాపు 23,000 రూపాయలు కట్టిన తర్వాత కూడా ఇంకా 36,000 దాకా బాకీ మిగులుతుంది.

ఊళ్లో ఎవరైనా నూటికి మూడు రూపాయల వడ్డీ అడిగితే మన గుండె గుభేలుమంటుంది. కార్డు వడ్డీ నూటికి మూడున్నర, అంటే ఏడాదికి 42 శాతం. అయినా అది నున్నటి కార్డు మీద, నవ్వుతున్న బొమ్మలతో వస్తుంది కాబట్టి మనకు భయం వేయదు. ఏడాదికి 30 శాతానికి మించి వసూలు చేయడం అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది గాని, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కనుక ఆ 30 శాతం హద్దు ఇప్పుడు లేదు.

ఇంకో రెండు సంగతులు. పాత బాకీ మిగిలి ఉంటే, కొత్తగా కొన్నవాటికి వడ్డీలేని గడువు ఉండదు. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే రుసుముతో పాటు మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది.

అప్పు కంటే ప్రమాదకరమైనది దాన్ని దాచడం. నాన్నకు తెలిస్తే చదువు మాన్పిస్తాడని, సంఘంలో పరువు పోతుందని పిల్లలు నోరు విప్పరు. కార్డు బాకీ తీర్చడానికి లోన్ యాప్‌లో అప్పు చేస్తారు, దాన్ని తీర్చడానికి మరో యాప్. అనుమతి లేని యాప్‌లు ఫోన్‌లోని నంబర్లన్నీ లాక్కుని బంధువులకు ఫోన్లు చేసి అవమానిస్తాయి. అలాంటి వేధింపులు తట్టుకోలేక 2020లో మన తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవారున్నారు.

రాజులు రెండవ గ్రంథం 4వ అధ్యాయంలోని విధవరాలిని గుర్తు చేసుకోండి. ఆమె భర్త ప్రవక్తల శిష్యుడు, దైవభక్తుడు. అయినా ఆ ఇంటి మీద అప్పు పడింది, అప్పులవాడు ఇద్దరు కొడుకులను దాసులుగా తీసుకుపోవడానికి వచ్చాడు. ఆమె దాచుకోలేదు, ఎలీషా దగ్గరకు వెళ్లి మొరపెట్టుకుంది. ఎలీషా ఆమెను నిందించలేదు, ఇంట్లో ఏముందని అడిగాడు. ఇరుగుపొరుగువారు ఖాళీ పాత్రలు ఇచ్చారు. నూనె సమకూరాక ముందు అప్పు తీర్చమని, మిగిలినదానితో బ్రతకమని ఆయన చెప్పాడు. ఆ వరుస మనకూ పనికొస్తుంది.

ఆ వరుసలోనే నడుద్దాం. పిల్లలూ, బాకీలన్నీ ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెద్దవారికి చూపించండి. కార్డు వాడడం ఆపండి. బ్యాంకుకు వెళ్లి బాకీని తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్చమని అడగండి, చాలా బ్యాంకులు మారుస్తాయి. బాకీ తీరాక కార్డు రద్దు చేయమని రాసి ఇస్తే, రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం 7 పనిదినాల్లో రద్దు చేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు బ్యాంకే మీకు చెల్లించాలి. వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. యాప్‌ల బెదిరింపులు వస్తే 1930కు, మనసు కుంగిపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

తల్లిదండ్రులారా, "ఎందుకు చేశావురా?" అనే ప్రశ్న తర్వాత అడగండి. ముందు "ఎంత ఉందిరా?" అని అడగండి. ఇంటికి దూరంగా చదువుతున్న పిల్లలకు నెలకింత అని పంపి, లెక్క కలిసి చూసుకోండి. ఫోన్ మారిస్తే డబ్బు ఎక్కడిదని ప్రేమగానే అడగండి.

సంఘ పెద్దలారా, యౌవనస్థుల కూడికలో ఒక సాయంత్రం ఈ లెక్క నల్లబల్ల మీద వేసి చూపించండి. మన సంఘాల్లో బ్యాంకు ఉద్యోగులున్నారు, వారిని పిలవండి. అప్పులో పడిన బిడ్డ మన దగ్గరకు వస్తే, ఆ పొరుగువారు పాత్రలు ఇచ్చినట్టు మనం చేయగలిగింది చేద్దాం. ఆ బిడ్డ పేరు మాత్రం వేదిక మీద ఎత్తకుండా ఉందాం. చెప్పుకుంటే అవమానం జరగదని తెలిసిన బిడ్డ, బాకీ 40,000 ఉన్నప్పుడే వచ్చి చెబుతాడు. లేకపోతే నాలుగు లక్షలయ్యాక గాని మనకు తెలియదు.